మురికి తీసిన ఆకాశం

సెప్టెంబర్ 4

గుమ్మటం బావకు,

ఇందుమూలముగా యావన్మంది బంధువర్గమునకు, ముఖ్యముగా కొండెక్కి కూర్చున్న ఒక బావగారికి తెలియజేయడమేమనగా: మా స్టూడియోలో పాస్‌పోర్టు ఫోటోలకు వాడు తిరుగుడు స్టూలు నిన్నటి నుండి కిర్రుమనుట మానేసినది. ఆ కిర్రు ఎటు పోయినదో ఎవరికీ తెలియదు. పట్టి తెచ్చిన వారికి ఒక ఫోటో ఉచితం, మొటిమలు తీసి మరీ. ఈ ప్రకటనను గుమ్మటం తలుపుకు అంటించి, దుర్భిణి చూడ్డానికి వచ్చే బడిపిల్లలందరికీ చదివి వినిపించవలెను.

చదివావా? నవ్వలేదు కదూ. తెలుసు. నీ మొహం నవ్వడానికి పైఆఫీసు నుంచి ఉత్తర్వులు రావాలి.

నువ్వు పోస్టులో పంపిన మెమరీ కార్డు అందింది. తెరిచి చూసి, లెన్సు మీద ఎవరో టీ ఒలకబోశారనుకున్నా. తర్వాత తెలిసింది, అది కొండ కింద కొత్తగా వెలిసిన సరుకుల యార్డు వెలుగని. ఏం లైట్లు బావా అవి! లారీల్లోకి పెట్టెలెక్కించడానికి నేలమీద కదా వెలుగు కావాలి, అవన్నీ నోరు పైకి తెరుచుకుని దేవుడి ముక్కులో వెంట్రుకలు వెతుకుతున్నాయి.

సరే, ఈ వెలుగు తీసేసి అక్క గోడకు పెట్టుకునేలా ఒక మంచి బొమ్మ చేసి పంపమన్నావు. గుమ్మటం పక్క క్వార్టర్సులో ఇన్నేళ్లు కాపురం చేసిన మనిషికి ఆకాశం ఫోటో కానుకా! చేపకు బకెట్టెడు నీళ్లు కొనిపెట్టినట్టుంది. అయినా చేస్తాను, నా పని అదేగా. చుక్కలు లేని చోట్ల అక్కడక్కడా గుర్తులు పెడతాను. అక్కడ ఎంత మురికి ఉందో చూసి, మొత్తం బొమ్మ మీద అది ఎలా పరుచుకుందో సాఫ్ట్‌వేరు లెక్క కట్టుకుంటుంది. ఆ లెక్కను బొమ్మలోంచి తీసేయమంటాను. పెళ్లికొడుకు బుగ్గ మీద నునుపు తెచ్చినట్టే. మురికి పోతే కింద ఏముందో అది బయటపడుతుంది.

రీలు కెమెరా రోజుల్లో నువ్వు తీసి నాకిచ్చిన పాలపుంత ఇప్పటికీ నా కౌంటరు పైనే వేలాడుతోంది. వచ్చినవాళ్లు గోడ చెమ్మ పట్టిందా అని అడుగుతున్నారు.

ఫోన్లో రెండు ముక్కల్లో అయిపోయేదాన్ని ఇంత రాయించావు. ఆ గులాబీ రంగు ఇంకా మర్చిపోలేదా? ఒక్కసారంటే ఒక్కసారి పెద్దాఫీసరు గొంతు పెట్టి "గుమ్మటానికి గులాబీ రంగు వేయించవయ్యా" అన్నాను. నువ్వు పరిగెత్తుకెళ్లి డబ్బాలు కొనేస్తావని నేను కలగన్నానా?

ఇట్లు,
నీ ఒక్కగానొక్క బావమరిది,
మొటిమల వైద్యుడు


సెప్టెంబర్ 11

ఒరేయ్ కోతీ,

నీ ప్రకటన చదివి నేను నవ్వలేదు. మీ అక్క నవ్వింది. పిల్లలకు కూడా చదివి వినిపించింది. వాళ్లు దుర్భిణిలో కిర్రు కోసం వెతికారు.

రంగు డబ్బాలు ఇంకా వరండాలోనే ఉన్నాయి. వాటిని చూసినప్పుడల్లా నీతో ఫోన్లో మాట్లాడకూడదన్న నిర్ణయం గట్టిపడుతోంది. నోటితో నువ్వు ఎవరి గొంతయినా పెడతావు. కాగితం మీద మాత్రం అబద్ధం రాయలేవు. బళ్లో సెలవు చీటీ రాయమంటే "ఒంట్లో బాగానే ఉంది, రావాలని లేదు" అని రాసి ఇచ్చి దెబ్బలు తిన్నావట. మీ అక్క చెప్పింది. అందుకే నాకు ఉత్తరాలు కావాలి.

ఆ ఫోటో ఎందుకో నీకు అర్థమైనట్టు లేదు. పోనీలే అని నేనే రాస్తున్నా. యార్డు రాకముందు మీ అక్క సాయంత్రం పనులన్నీ అయ్యాక మెట్ల మీద కూర్చుని పాలపుంతను చూసేది. దాని గురించి నాలుగు ముక్కలు చెప్పబోతే "చెప్పొద్దు, చూడనీ" అనేది. ఇప్పుడు అదే మెట్ల మీద కూర్చుని "అది ఉందా, పోయిందా?" అని అడుగుతోంది. ఎక్కడికీ పోదు, కనపడదంతే అంటాను. "నువ్వు అంటావులే" అంటుంది. ఉందని నేను దానికి చూపించాలి.

ఇంకో సంగతి. యార్డు లైట్లకు టోపీలు పెట్టించాలని టౌన్ కమిటీకి అర్జీ ఇచ్చాను. రేకు టోపీలు, వెలుగు కిందకే పడేలా. జనవరిలో విచారణ. అది గెలవకపోతే గుమ్మటం మూసేస్తారు. ఏమీ కనపడని దుర్భిణికి మనిషెందుకు, జీతమెందుకు అంటున్నారు మా పైవాళ్లు. నా పని పోతే ఈ క్వార్టర్సూ పోతుంది. ఈ మాట మీ అక్కకు సగమే చెప్పాను. నువ్వు మిగతా సగం చెప్పకు.

నీ బావ


సెప్టెంబర్ 27

బావా,

ఫోటో ఇందులో పెట్టాను. అట్ట మడతపెట్టకుండా తెరువు, నీ చేతులు నాకు తెలుసు.

వచ్చింది. మొదటి రోజంతా మొరాయించింది. రెండో రోజు యార్డు మురికి తీసేసరికి, కింద నీ పాలపుంత ఎలా ఉండేదో అలాగే ఉంది. కొండ అంచు నుంచి అడ్డంగా, ఎవరో పిండి చల్లినట్టు. ఎక్కడికీ పోలేదని అక్కకు చెప్పు. ఇది కాగితం మీద రాస్తున్నాను.

కింద మూలన "కొండ గుమ్మటం నుంచి" అని, నీ ఉద్యోగం, ఈ యేడు, నెల వేశాను. గొప్పగా ఉంటుందని. ఇప్పుడైనా నవ్వు.

నీ మొటిమల వైద్యుడు


అక్టోబర్ 5

ఒరేయ్,

నవ్వాను. నవ్వానని మీ అక్క రాయమంది.

అట్ట విప్పి మీ అక్క చేతిలో పెట్టాను. తీసుకుని మెట్ల మీదకు వెళ్లింది. ఫోటోను చేతులు చాచి పైకి పట్టుకుని, ఆ మూల ఆకాశం మీద పెట్టి చూసింది. తీసేసి ఖాళీ ఆకాశం చూసింది. మళ్లీ పెట్టి చూసింది. "అయితే అక్కడే ఉందన్నమాట" అంది. లోపలికొచ్చి అన్నం వడ్డిస్తూ కూడా ఆ మాటే. యార్డు వచ్చాక దాని మొహంలో అంత నెమ్మది చూడలేదు.

ఇన్నాళ్లూ నిన్ను ఊరికే ఆడిపోసుకున్నాను. నీ చేతిలో విద్య ఉంది. రంగు డబ్బాల పాపం ఇవాళ్టితో రద్దు.

నీ బావ


డిసెంబర్ 18

శ్రీ గుమ్మటేశ్వరులకు,

నా జీవితంలో చేసిన ఎగతాళులన్నింటికీ ఇవాళ కిరీటం పెట్టాను. కూర్చుని చదువు.

మన యార్డు మేనేజరు కొత్త సంవత్సరం క్యాలెండర్ల ఆర్డరు మా స్టూడియోకే ఇచ్చాడు. "ఏదైనా ప్రకృతి బొమ్మ వేయండి, ప్రశాంతంగా ఉండాలి" అన్నాడు. ప్రశాంతం కావాలా నాయనా అని, నీ పాలపుంత వేసేశాను! కింద మూలన వేసిన గుమ్మటం పేరు, తేదీ కూడా అలాగే ఉంచాను. పైన వాళ్ల నినాదం: "రాత్రింబవళ్లు మీ సేవలో." వాళ్ల లైట్లు మింగేసిన ఆకాశాన్ని వాళ్ల మేకుకే వేలాడదీశాను బావా. మేనేజరు చూసి "అబ్బ, ఎంత బాగుంది, ఎక్కడిదిది?" అన్నాడు. మీ నెత్తి మీదిదే అన్నాను. వాడికి ఎక్కలేదు. తలుపేసుకుని కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాను.

అక్కకు ఒకటి పంపుతున్నా. వంటింట్లో పెట్టుకోమను.

మొటిమల వైద్యుడు, క్యాలెండర్ల కవి


జనవరి 20

నీకు,

నిన్న విచారణ మొదటి రోజు. నేను మాట్లాడుతున్నంతసేపూ కమిటీ పెద్ద తలాడిస్తూ విన్నాడు. లైట్లకు టోపీలు పెడితే యార్డుకు పైసా నష్టం లేదని, కరెంటు కూడా మిగులుతుందని చెప్పాను. పక్కనున్న ఇద్దరూ ఒప్పుకున్నట్టే కనిపించారు.

అప్పుడు యార్డు లాయరు లేచి బల్ల మీద నీ క్యాలెండరు పరిచాడు.

"ఈ ఫోటో మీరు తీసిందేనా?"

"నేనే."

"తేదీ కూడా ఉంది. యార్డు వచ్చాక తీసిందే కదా?"

"అవును."

"మా లైట్లు మీ ఆకాశాన్ని ఎక్కడ పాడుచేశాయో వేలు పెట్టి చూపించండి."

కంప్యూటర్లో వెలుగు తీసేయించానని చెప్పాను. "తీస్తే పోయేదానికి ఇంత గొడవ దేనికండీ?" అన్నాడు. వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కుమన్నారు.

డిసెంబర్లో నీ ఉత్తరం చదివి మేమిద్దరం పడిపడి నవ్వాం. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పుడు సిగ్గుగా ఉంది. విచారణ ఉందని నీకు తెలుసు. తెలిసీ ఆ ఫోటో వాళ్ల చేతుల్లో పెట్టావు. క్యాలెండర్ల ఆర్డరు కోసమే పెట్టావని మీ అక్క అనడం లేదు. నేను అంటున్నాను.

ఫోటో దిద్దిన మనిషి వచ్చి చెప్పాలని కమిటీ అడిగింది. వచ్చే నెల పదో తారీఖు. వస్తావో రావో నీ ఇష్టం.

బావ


జనవరి 24

బావగారికి,

'గారు' చూశావుగా. నాకూ కోపమొస్తుంది.

ఆర్డరు కోసం అమ్ముకున్నానా? నేను? యార్డు వాడి మొహాన ఉమ్మేయడానికి అంతకంటే మంచి దారి దొరక్క చేశాను. ఆ ఉమ్ము వచ్చి నీ మీద పడుతుందని నాకేం తెలుసు? నీలాగా ముందూ వెనకా లెక్కలేసుకుని నవ్వేవాణ్ణి కాదు. నువ్వైతే నవ్వేముందు గాలి ఎటు వీస్తుందో కూడా చూసుకుంటావు.

వస్తాను. నోరు తెరవడం నాకు కొత్త కాదు. లాయరు సంగతి నాకు వదిలెయ్. అక్కను ముందు వరుసలో కూర్చోబెట్టు.

మొటిమల వైద్యుడు


ఫిబ్రవరి 15

బావమరిదికి,

విచారణ అయ్యాక మమ్మల్ని కలవకుండానే బస్సెక్కేశావు. మీ అక్క గేటు దగ్గర చాలాసేపు నిలబడింది. తీర్పు నువ్వు వినలేదు కాబట్టి రాస్తున్నాను.

హాలంతా నవ్వించావు. లాయరు బట్టతల ఫోటోలో ఎలా సర్దాలో చెప్పినప్పుడు కమిటీ పెద్ద కూడా నోటికి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. ఈ పిల్లాడు గెలిపిస్తాడనుకున్నాను. అప్పుడు ఆ కమిటీ పెద్దే మామూలుగా, మంచిగానే అడిగాడు: "బాబూ, ఈ బొమ్మలో నువ్వు ఏమైనా కలిపావా?"

నువ్వు మీ అక్క వైపు చూశావు. తర్వాత, "ఒక్క చుక్క కలపలేదండీ. మొటిమలు తీయడమే తప్ప పెట్టడం మా వంశంలో లేదు" అన్నావు. అందరూ మళ్లీ నవ్వారు.

లాయరు లేచి, "అయితే ఆకాశానికి ఏ నష్టమూ జరగలేదు. ఉన్నది ఉన్నట్టే ఉంది. కాస్త తుడుచుకుంటే చాలు" అన్నాడు.

తీర్పు ఇదీ: లైట్లకు టోపీలు అక్కర్లేదు. యార్డు వారు పెద్ద మనసుతో గుమ్మటానికి ఒక కంప్యూటరు, వెలుగు తీసే సాఫ్ట్‌వేరు ఉచితంగా ఇస్తారు. బడిపిల్లలకు ఇకమీద ఆకాశాన్ని అందులో చూపించవచ్చు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ లేచి దండం పెట్టాల్సి వచ్చింది.

నిన్ను తప్పుపట్టలేను. నువ్వు నిజమే చెప్పావు. జనవరిలో నేనన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. అబద్ధమాడి ఉంటే తిట్టుకుని తేలికపడేవాణ్ణి. నిజం చెప్పినవాణ్ణి ఏమనాలో తెలియక కడుపులో పెట్టుకు తిరుగుతున్నా.

బావ


ఫిబ్రవరి 22

బావా,

స్టూలు మళ్లీ కిర్రుమంటోంది. ప్రకటన రద్దు చేయడమైనది.

ఏం రాయాలో తోచడం లేదు.

అక్క ఎలా ఉంది?


మార్చి 30

ఒరేయ్ కోతీ,

అడ్రసు మారింది, కవరు మీద చూడు. పిల్లలు కంప్యూటర్లో బొమ్మ చూడ్డానికి కొండెందుకెక్కుతారు? వాళ్లకది బళ్లోనే ఉంది. పైవాళ్లు గుమ్మటానికి తాళం వేశారు. నన్ను ఊరికే వదిలేయడం బాగోదని యార్డు మేనేజరే గేటు దగ్గర పని ఇచ్చాడు. వచ్చే లారీల నంబర్లు చూసి చెయ్యూపాలి. మంచివాడే. నీ క్యాలెండరు నా గది గోడకే వేలాడుతోంది.

ఇల్లు యార్డు గోడ వెనకే. ఒక గది, ఒక వంటిల్లు. పొద్దుపోయాక కూడా దీపం వేయాల్సిన పని లేదు. లైటు స్విచ్చి మీద చెయ్యి వేయకుండానే మీ అక్క కూరగాయలు తరుగుతోంది. కిటికీకి దుప్పటి కట్టుకుని పడుకుంటున్నాం. సామాన్లు సర్దేటప్పుడు రంగు డబ్బాలు పారేద్దామంటే అదే ఒప్పుకోలేదు. ఒకటి తెచ్చుకుంది. ఎందుకో తెలియదు.

నీ ఉత్తరం దానికి చదివి వినిపించాను. "వాడికి మాటలు దొరకలేదంటే ఒంట్లో బాలేదేమో" అంది. కోపాలు లేవు, రాయి.

ఇప్పుడు అసలు సంగతి. గుమ్మటానికిచ్చిన కంప్యూటరు ఎవరికీ అక్కర్లేక నేనే ఇంటికి తెచ్చుకున్నాను. సెప్టెంబర్లో నువ్వు రాసిన పద్ధతి ముందు పెట్టుకుని, నీకు పంపిన ఫోటోల మీదే రోజూ కూర్చుంటున్నాను. చుక్కలు లేని చోట గుర్తులు పెట్టాను. మురికి లెక్క కట్టించాను. తీయించాను. వెలుగు పోతోంది, నిజమే. కానీ కింద పాలపుంత రావడం లేదు. ఇసుక చల్లినట్టు గరుగ్గా బూడిదరంగు, అంతే. గుర్తులు తక్కువ పెట్టి చూశాను, ఎక్కువ పెట్టి చూశాను. బూడిదే.

మీ అక్క పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. "వస్తుందిలే, వాడికి రెండో రోజు వచ్చిందిగా" అంటుంది. దానికి ఆ ఒక్క ధైర్యం మిగిలింది, వెలుగు వెనక అది అలాగే ఉందని, తుడిస్తే వస్తుందని. నిజం చెప్పాలంటే నాకూ అదే మిగిలింది.

నేనెక్కడో తప్పు చేస్తున్నాను. రెండో రోజు నువ్వు ఏం చేశావో, ఏ మీట నొక్కావో వరసగా రాయి. ఫోన్లో వద్దు. కాగితం మీద రాయి.

నీ బావ


ఏప్రిల్ 6

బావా,

ఈ ఉత్తరం నువ్వొక్కడివే చదువు. తర్వాత అక్కకు చెప్పాలో వద్దో నువ్వే తేల్చుకో. అది తేల్చే అర్హత నాకు లేదు.

నువ్వు ఏ తప్పూ చేయడం లేదు. ఆ బూడిదే సరైన జవాబు. మొదటి రోజు నాకూ అదే వచ్చింది. యార్డు వెలుగు ముందు పాలపుంతది ఎంత వెలుగు? అంత చప్పుడులో గుసగుస లాంటిది. పెద్దదాన్ని తీసేస్తే చిన్నది తేలుతుందని నేనూ నమ్మాను. తేలలేదు. పెద్దదానితోపాటే పోయింది. కెమెరాకి అందనిదాన్ని ఏ సాఫ్ట్‌వేరు తెచ్చివ్వగలదు?

రెండో రోజు పొద్దున షట్టరు తీసి, ఖాళీ బొమ్మ పంపితే అక్క మెట్ల మీద కూర్చుని ఏమంటుందా అనుకుంటూ తలెత్తాను. కౌంటరు పైన నువ్వు రీలు కెమెరాతో తీసిన ఫోటో. అదే కొండ అంచు, అదే మూల, అదే నెల. దించాను, అద్దం తుడిచాను, స్కాను చేశాను. గీతకు గీత కూర్చుంది. బావా, అది నీ ఫోటోనే. నీ పాలపుంతనే నీకు అతికించి పంపాను. నువ్వు గుర్తుపట్టలేదు. గుర్తుపట్టి తిడతావని వారం రోజులు ఎదురుచూశాను. నా విద్యను మెచ్చుకుంటూ ఉత్తరం రాశావు.

కమిటీ పెద్ద అడిగినప్పుడు నోటిదాకా వచ్చింది. "పాలపుంత మొత్తం నేనే కలిపానండీ, మీ లైట్ల కింద మిగిలింది బూడిద" అంటే చాలు, నువ్వు గెలిచేవాడివి. అక్క ఆ ఫోటో అట్టను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నేను చెప్పబోయేది తనకు ముందే తెలుసన్నట్టు నవ్వుతోంది. ఆ మొహం ముందు నిజం చెప్పలేకపోయాను. నవ్వుతున్న హాలును పాడుచేయడం కూడా ఇష్టం లేకపోయింది. అదీ ఉంది. రాయకపోతే ఇదీ అబద్ధమే అవుతుంది.

ఈ ఉత్తరం పట్టుకెళ్లి కమిటీకి చూపించు. చూపిస్తే లాయరు ఏమంటాడో కూడా చెబుతాను: "అప్పుడు నవ్వించాడు, ఇప్పుడు ఏడిపిస్తున్నాడు, ఇందులో ఏది నాటకమో తేల్చండి." వాడు అడగడం న్యాయమే. గులాబీ రంగు అమ్మినవాడి మాట ఎవడు కొంటాడు?

పాత ఫోటో మళ్లీ పైన వేలాడదీశాను. నిన్న ఒకాయన గోడ చెమ్మ పట్టిందా అని అడిగాడు. అవునండీ అన్నాను.

నువ్వు మీట అడిగావు. మీట లేదు బావా. సెప్టెంబర్లో "వచ్చింది" అని కాగితం మీద రాశాను చూడు, నీకూ అక్కకూ మిగిలింది ఆ ఒక్క మాటే కదా. అది నేను కల్పించింది. ఏమీ రాలేదు.

నీ బావమరిది